మా అక్కకు పద్దెనిమిది నెలలు

ముందుచూపు సేవల విభాగం, అంచనాల శాఖ నుంచి
రెండో అంతస్తు, కుడివైపు వాటా వారికి

ఆర్యా,

మీ ఇంట శిశువు జన్మించినందుకు ప్రభుత్వం హర్షిస్తున్నది.

పౌరులు దరఖాస్తులు పట్టుకుని వరుసల్లో నిలబడే కాలానికి స్వస్తి చెప్పి, వారి అవసరాన్ని బిగ్ డేటా సాయంతో వారికన్నా ముందే కనిపెట్టే 'అడగకముందే' పథకం కింద మీ వాటాను పరిశీలించాం. మందుల దుకాణంలో డైపర్లు, పౌడరు, రబ్బరు షీటు. కిరాణా దుకాణంలో జావపిండి. పూటపూటా తిరిగే వాషింగ్ మెషీను. పడగ్గదిలో ఆరని దీపం. ఈ ఆధారాలను బట్టి మా యంత్రం తొంభై ఏడు శాతం నిశ్చయంతో శిశువును గుర్తించింది. డైపర్ల సైజు 'ఎక్స్‌ట్రా లార్జ్' కావడం వల్ల శిశువు పుష్టిగా ఉన్నట్లు గ్రహించి, ప్రత్యేకంగా అభినందిస్తున్నాం.

మీ సోదరికి ఇంటివద్దే స్పీచ్ థెరపీ ఇప్పించమని మీరు పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించడమైనది. ఆమె ప్రయాణ కార్డు, ఫోను కొన్ని నెలలుగా వాడకంలో లేనందున, ఆమె వేరే చోటికి వెళ్ళిపోయినట్లు నమోదైంది. ఇంట్లో లేని మనిషికి వైద్యం చేసే సాంకేతికత ఇంకా మా వద్ద లేదు.

ఇట్లు,
ఉపసంచాలకుడు

తా.క.: తల్లి వయసు అరవై ఒకటిగా కనిపించింది. అది సాధారణ పరిధిలో ఇమడనందున తీసివేసి, సగటు వయసు ఇరవై ఏడు వేశాం. అభ్యంతరం ఉండదని తలుస్తాం.

*

ఉపసంచాలకులు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నా అలవాటు. మీ ఉత్తరం చదివాక ఆ అలవాటు మానుకున్నాను.

మా ఇంట ఎవరూ పుట్టలేదు. ఉన్నది మా అక్క. వయసు అరవై ఆరు. ముప్ఫై ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పిన మనిషి. మీరు ఎప్పుడైనా రైలెక్కి ఉంటే ఆ గొంతు విని, సామాను సర్దుకుని, లేచి నిలబడే ఉంటారు. పక్షవాతం వచ్చి ఒకే ఉదయం కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. డైపర్లు ఆమెవి. జావ ఆమెది. దీపం ఆమె కోసం. నోరు పడిపోయిన మనిషి ఫోనెత్తి ఏం చేస్తుందండీ? ఊపిరి వినిపిస్తుందా?

"మాటలు ఇప్పుడు మొదలుపెట్టిస్తే తిరిగొస్తాయమ్మా. ఆలస్యం చేస్తే నేను హామీ ఇవ్వలేను" అని డాక్టరమ్మ చెప్పింది. నేను కర్టెన్లు కుట్టుకునే టైలర్ని. ఈ భవనానికి లిఫ్టు లేదు. అక్కను భుజాన వేసుకుని ఆసుపత్రికి దిగలేను. అందుకే ఆర్నెల్లుగా మనిషిని పంపమని మీ ఆఫీసుకు నెత్తీనోరూ కొట్టుకుని రాస్తున్నాను. దయచేసి మీ శిశువును మీరు ఉపసంహరించుకుని, మా అక్కను మాకు ఇవ్వండి.

ఇట్లు,
ఎవరికీ తల్లి కాని టైలరు

తా.క.: నాకు ఇరవై ఏడేళ్ళు ప్రసాదించారు. సంతోషం. ఆ ఉత్తర్వు నకలు ఒకటి నా మోకాళ్ళకు కూడా పంపించగలరు.

*

మాతృమూర్తికి,

మీ ఉత్తరం అందింది. దానిని 'ప్రసవానంతర చికాకు' వర్గంలో భద్రపరిచాం. ఇది తాత్కాలికమని నిపుణులు చెబుతున్నారు.

శిశువును మీరు 'అక్క' అని పేర్కొన్న విషయం మా భాషా నిపుణులకు నివేదించగా, కుటుంబాల్లో ఆడపిల్లలను ముద్దుగా అమ్మా, అక్కా, బామ్మా అని పిలుచుకోవడం వాడుకలో ఉన్నదని వారు తెలిపారు. దీంతో శిశువు ఆడపిల్ల అని ధ్రువపడింది. తెలియజేసినందుకు కృతజ్ఞతలు.

పోతే, గత వారం మీరు కొన్న మూతిగల ప్లాస్టిక్ గ్లాసు, అరటిపండ్లు, వాకర్ ఆధారంగా శిశువు వయసును పద్దెనిమిది నెలలకు సవరించాం. ఇంత వేగంగా ఎదిగిన శిశువు మా రికార్డుల్లో మరొకటి లేదు. ఈ వయసుకు తగిన ప్రశ్నలు మూడు: నిలబడుతున్నదా? చెంచా పట్టుకుంటున్నదా? కనీసం రెండు మాటలు పలుకుతున్నదా? వెంటనే జవాబు రాయగలరు.

ఇట్లు,
ఉపసంచాలకుడు

తా.క.: ప్రభుత్వ కానుకగా గిలక్కాయ ఒకటి పంపుతున్నాం. మింగకుండా చూసుకోవాలి.

*

మహానుభావులైన ఉపసంచాలకులకు,

మీ ఉత్తరం చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కకు చదివి వినిపించాను. ఆమె సగం ముఖంతో నవ్వింది. మిగతా సగం కూడా నవ్వాలనే నా పోరాటం.

అడిగారు గనక జవాబులు. నిలబడుతున్నదా? ఎడమ చేత్తో గోడను పట్టుకుని, కుడివైపు నా మీద వాలి నిలబడుతున్నది. గోడ ఇంకా బాగానే ఉంది. చెంచా పట్టుకుంటున్నదా? ఎడమ చేత్తో పట్టుకుంటున్నది, జావలో ఉప్పు తక్కువైతే గురిచూసి విసురుతున్నది. రెండు మాటలు పలుకుతున్నదా? ఒక్కటి కూడా లేదు మహాప్రభో! ఒక్కటంటే ఒక్కటి! ఆ ఒక్కటి కోసమే కదా ఆర్నెల్లుగా మీ గుమ్మానికి ఉత్తరాల తోరణం కడుతున్నాను! వినపడిందా? మాట రావడం లేదు!

ఇట్లు,
కోపంతో రెండు సూదులు విరగ్గొట్టుకున్న టైలరు

తా.క.: గిలక్కాయ అందింది. టీ ఆలస్యమైతే అక్క దాన్ని నా చెవి పక్కన ఆడిస్తున్నది. మీ విభాగం నుంచి ఇంతవరకు వచ్చినవాటిలో పనిచేస్తున్నది అదొక్కటే.

*

మాతృమూర్తికి,

అత్యవసరం. పద్దెనిమిది నెలలు నిండినా మాట రాని శిశువుల విషయంలో జాప్యం క్షమించరానిదని మా నియమావళి స్పష్టంగా చెబుతున్నది. కనుక రేపు ఉదయం నుంచి స్పీచ్ థెరపిస్టు మీ ఇంటికి వస్తారు. దరఖాస్తు, ధ్రువపత్రం, సంతకం ఏవీ అక్కర్లేదు. కొద్దిగా మెరుగయ్యాక, మాట ఆలస్యమైన పిల్లల బడికి వ్యాను వస్తుంది. మెట్లు దింపడానికి ఇద్దరు సహాయకులు ఉంటారు.

అడగవలసిన అవసరం లేకుండానే సేవ అందడం అంటే ఇదే.

ఇట్లు,
ఉపసంచాలకుడు

తా.క.: చెంచా విసరడం వయసుకు తగిన ప్రవర్తనే. శిక్షించరాదు.

*

ఉపసంచాలకులు గారికి,

నమస్కారం పెడుతున్నాను గానీ పూర్తిగా పెట్టడం లేదు.

థెరపిస్టు వచ్చింది. గుమ్మంలో నిలబడి "పాప ఏదమ్మా?" అంది. కుర్చీలో ఉన్న అక్కను చూపించాను. ఆమె అక్కను చూసింది. చేతిలోని కాగితం చూసింది. మళ్ళీ అక్కను చూసింది.

"ఈవిడకి మాట రాదా?"

"రాదు."

"అయితే నేను సరైన ఇంటికే వచ్చాను" అని చెప్పులు విడిచి లోపలికొచ్చింది. మీ విభాగం మొత్తం కలిసి ఆర్నెల్లలో చెయ్యలేని ఆలోచన, ఆ పిల్ల చెప్పులు విడిచేలోపు చేసింది.

ఉన్న మనిషికోసం నేను నిజం రాస్తే రాని థెరపిస్టు, లేని పాపకోసం మీరు అబద్ధం రాసుకుంటే తెల్లారేసరికి వచ్చింది. ఇందుకు ధన్యవాదాలు చెప్పాలో దులిపెయ్యాలో తెలియక, ఉదయం ఒకటీ సాయంత్రం ఒకటీ చేస్తున్నాను. రెండు వారాల కిందట అక్క గ్లాసు వైపు చూపిస్తూ "టీ" అంది. నేను కర్టెన్ మీద కత్తెర వదిలేశాను. అది ఎవరి కర్టెనో వాళ్ళకి మళ్ళీ కుట్టివ్వాలి.

వ్యాను కూడా వస్తున్నది. బడిలో పిల్లలు అక్కను 'పెద్దపాప' అంటున్నారట. 'ర' పలకలేని ఒక బుడతడికి అక్క, అక్కకు ఆ బుడతడు నేర్పుతూ, ఇద్దరూ పోటీపడి 'రైలు' అంటున్నారట.

శిశువును ఉపసంహరించుకోమని మొదట్లో రాసిన మాటను నేనే ఉపసంహరించుకుంటున్నాను. దయచేసి ఏమీ దిద్దకండి. ముట్టుకోకండి. అటువైపు చూడను కూడా చూడకండి.

ఇట్లు,
మీ రికార్డుల్లో తల్లి, ఇంట్లో చెల్లెలు

తా.క.: థెరపిస్టు మొదటి రోజు కాగితంలో 'పళ్ళు వచ్చాయా' అన్న గడి నింపాలట. "వచ్చాయి, పోయాయి, మళ్ళీ కొనుక్కున్నాం" అని రాయించాను.

*

రెండో అంతస్తు, కుడివైపు వాటా వారికి

ఆర్యా,

పౌరుల ఏ ఫిర్యాదునూ ఈ విభాగం నిర్లక్ష్యం చెయ్యదు. మీ ఇంట శిశువు లేదని మీరు రాసిన మొదటి ఫిర్యాదు వరుసలో పైకి వచ్చి, పరిశీలనకు నోచుకున్నది. శిశువుకు కట్టుడుపళ్ళు ఉండటం, ఎత్తు అయిదడుగులు దాటటం, పింఛను అందుకోవడం మా దృష్టికి వచ్చాయి. మీరు చెప్పినదే నిజమని తేలింది. అభినందనలు.

అందువల్ల శిశువును రికార్డుల నుంచి తొలగించాం. శిశువు లేదు గనక వచ్చే నెల మొదటి తారీకు నుంచి థెరపిస్టు రారు, వ్యాను రాదు. మీ సోదరి ఇంట్లోనే ఉన్నారని రుజువు చేస్తూ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దల దరఖాస్తులు వరుసక్రమంలో చూస్తాం. వరుస కొంచెం పొడుగ్గా ఉంది.

ఇట్లు,
ఉపసంచాలకుడు

తా.క.: లేని శిశువుకు గిలక్కాయ చెల్లదు. వెంటనే వాపసు చెయ్యగలరు.

*

ఉపసంచాలకులు గారికి,

దయచేసి వినండి.

రాస్తున్నది చెల్లెలు. చెబుతున్నది నేను, మీరు పుట్టించి, పెంచి, తొలగించిన పాపను. ఇన్ని నెలల సాధనతో మాటలు కూడాయి, నెమ్మదిగా చెబుతున్నాను. ఇది పాత అలవాటే. ప్లాట్‌ఫారం మీద అందరికీ వినబడాలి కదా.

మీ ఉత్తరం వచ్చిన రోజు చెల్లెలు గుండెలు బాదుకుంది, పొయ్యి మీద పాలు పొంగించింది, మిమ్మల్ని నేను ఈ ఉత్తరంలో రాయించలేని మాట ఒకటి అంది. "దరఖాస్తు పెట్టి ఏం లాభమే అక్కా, వాళ్ళకి మన రాతలు చదవడం రాదు" అంది. నేను ఆలోచించాను. నాకు మాట పోయిందిగానీ బుర్ర పోలేదు. దాన్ని పిలిచి, మూడు మాటలు చెప్పాను: "వాళ్ళు చదివేది రశీదులు."

అది సంచీ తీసుకుని బజారుకు వెళ్ళింది. డైపర్లు, పౌడరు, మూతిగల గ్లాసు, అరటిపండ్లు, ఇంకో వాకర్ కొనుక్కొచ్చింది. కింది అంతస్తు వాచ్‌మన్‌కు కూడా సంగతి చెప్పింది. అతని తండ్రికి నా లాగే నోరు పడిపోయింది. అతను నిన్న పాలసీసా కొన్నాడు.

ఈ ఉదయం మీ సంతకంతో ఉత్తరం వచ్చింది. మా ఇంట రెండో శిశువు జన్మించి, పద్దెనిమిది నెలలు నిండినందుకు ప్రభుత్వం హర్షిస్తున్నదట. మాటలు వస్తున్నాయా అని అడిగారు. చెల్లెలు "ఒక్కటీ లేదు" అని రాసి, అప్పుడే పోస్టు డబ్బాలో వేసొచ్చింది. ఒకటో తారీకున వ్యాను యథాప్రకారం వస్తుంది. వాచ్‌మన్ గారి పాపకు కిటికీ పక్కన సీటు పట్టి ఉంచుతాను. ఆయనకు డెబ్బై రెండేళ్ళు.

ఇక ప్రకటన. ముందుచూపు సేవల విభాగం నుంచి రావలసిన క్షమాపణ నిరవధికంగా ఆలస్యంగా నడుస్తున్నది. ప్రయాణికులు దానికోసం ఎదురుచూడటం మానుకుని వేరే బండి ఎక్కారు. అసౌకర్యానికి మీరే చింతించగలరు.

ఇట్లు,
పెద్దపాప

తా.క.: గిలక్కాయ పంపడం లేదు. టీకి ఇప్పుడు నోటితోనే అరుస్తున్నాను గానీ, చెల్లెలు కుట్టుమిషను తొక్కుతుంటే వినపడదు.