నీళ్ల మీద నెపం

5 సెప్టెంబర్ 2014, శుక్రవారం

బాత్రూమ్ జాలీలో మళ్లీ జుట్టు ఉండ. ఈ షార్జా అల్ నహ్దాలో ప్రతి తెలుగావిడా చెప్పే మాటే పక్క ఫ్లాట్ సరళక్కా చెప్పింది — "గీ నీళ్లే పిల్లా! సముద్రం నీళ్లాయె. తాగే డబ్బా నీళ్లతోని తల పోసుకో, ఇంకా ఊడితే నన్నడుగు."

సరే. ఇక తలకి మినరల్ వాటర్. మహారాణీ భోగం.

8, సోమవారం

షవర్‌కి ఫిల్టర్ కూడా బిగించాం. ఈయన నవ్వు — "నేనూ అవే నీళ్లు పోసుకుంటున్నాగా? చూడు, నా జుట్టు పచ్చగడ్డిలా ఎలా ఉందో!" ఒళ్లు మండిపోయింది. గిన్నె విసిరికొట్టాను. ఇంత చిన్న మాటకి అంత కోపమా...

14, ఆదివారం

ఆఫీసులో ఇంకో కుర్చీ ఖాళీ. ఆ మనిషి పని కూడా నాకే. "నువ్వున్నావుగా!" అన్నాడు ముదీర్ — మా మేనేజరు, ఇక్కడ అలాగే అంటారు. మెచ్చుకున్నాడని నవ్వాను కూడా, పిచ్చిదాన్ని.

17, బుధవారం

చర్మం డాక్టరు దగ్గరికి. మనవైపు ఆవిడే, గుంటూరు.

"ఒత్తిడేమైనా ఉందా అమ్మా?"

"అబ్బే, లేదండీ. నీళ్లు పడటం లేదు."

అంతలో ఫోన్ — ముదీర్. "యెస్ సర్" అంటూ లేచి నిలబడ్డాను. ఎక్కడో దుబాయ్ ఆఫీసులో ఉన్న మనిషికి, ఇక్కడ షార్జా క్లినిక్‌లో! పెట్టేశాక కూడా నిలబడే ఉన్నాను.

"కూర్చోండమ్మా," అంది మెల్లగా. "నీళ్ల సంగతి తర్వాత. నిద్ర పడుతోందా?"

ఏడుపొచ్చేసింది. సిగ్గేసింది కూడా.

18, గురువారం

వారానికొక్క రోజైనా ఫోన్ ముట్టుకోవద్దంది డాక్టరు. నడవమంది. మనసులోది ఎవరితోనైనా చెప్పుకోమంది. ఈయనతో చెప్పాను. ఈసారి నవ్వలేదు.

22, సోమవారం

తలుపులో తాళంచెవి తిప్పాను — లోపల టీవీ టక్కున ఆగిపోయింది. పాప గబగబా బొమ్మలు సర్దేస్తోంది.

"ఎందుకు నాన్నా ఆపేశావ్?"

"నీకు తలనొప్పి కదమ్మా."

రోజూ ఇంతేనట. రెండో తరగతి పిల్ల. తాళం చప్పుడు వింటే చాలు, ఇంట్లో లేనట్టే అయిపోతోంది. జుట్టు పోతే పోనీ... ఇది మాత్రం నావల్ల కాదు.

25, గురువారం

ముదీర్‌తో చెప్పేశాను. "రేపు శుక్రవారం, సెలవు. ఫోన్ ఎత్తను సర్. ఇంటి దగ్గర పాపతో ఉంటాను."

"ఓకే, ఓకే" — నావైపు చూడలేదు. ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాడో, నాకే అలా అనిపించిందో.

26, శుక్రవారం

పాపకి తలంటు. చేతుల నిండా నూనె. టీవీలో దాని కార్టూన్, చెవులు చిల్లులు పడేలా. పడనీ అనుకున్నాను, సంతోషంగానే.

ఫోన్ మోగింది. ముదీర్. మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. గట్టిగా కూర్చున్నాను. ఆగింది. మళ్లీ మోగింది.

పాప రిమోట్ అందుకుని శబ్దం తగ్గించింది. "ఎత్తమ్మా. నేను మాట్లాడనులే."

ఎత్తలేదు. దాని మాడు మీద నూనె మర్దన చేస్తూనే ఉన్నాను, మోగడం ఆగిపోయేదాకా. ఆగాక కూడా.

టీవీ శబ్దం మాత్రం అది మళ్లీ పెంచలేదు.

రేపు ఆఫీసు.