నీ రాళ్ల చెల్క

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న గ్రామసభకు రాజురా తాలూకా ఆఫీసు నుంచి సాహెబు వచ్చాడు. రోడ్లు, బోర్లు ఎంతవరకొచ్చాయో అడిగి, ఎండతో కరెంటు తీసే పలకలు పెట్టడానికి చెట్టులేని బీడు కావాలనీ, దానికి ఏటా కౌలు కడతామనీ అన్నాడు.

"సాయన్న చెల్క ఉంది గద సాబ్, అంతా రాళ్లే" అన్నాడు సర్పంచ్. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. పంపకాలనాడు వాటాలు పెద్దవాడు వేస్తే, ముందు కోరుకునేది చిన్నవాడు. నల్లరేగడి నేనే కోరుకున్నాను. రాళ్లు మిగిలిన నువ్వు, చచ్చి కూడా గెలిచావు.

అంతలో వదిన లేచింది. "మా మరిదిని అడగకుంట ఆయన ఏ పని చెయ్యలే. నేను గూడ చెయ్య."

అందరూ నావైపు తిరిగారు.

"ఇయ్యి వదినా" అన్నాను.

మళ్లీ చప్పట్లు. ఈసారైనా నాకే అనుకున్నాను.

"సాయన్న పెంచిన తమ్ముడు గద!" అన్నాడు సర్పంచ్.