నాలుగో స్క్రూ

నాన్నా,

ఈ ఉదయం మియాపూర్ సిగ్నల్ దగ్గర కారు డోరు మీద అరచెయ్యి అదిమి పెడితే లోపలి స్పీకర్ అదురుతున్న చప్పుడు ఆగింది. చెయ్యి తీయగానే మళ్లీ గడగడలాడింది. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

వేరే పాటలకు ఆ స్పీకర్ బాగానే ఉంటుంది. మీ చర్చి క్వయర్ ప్రాక్టీసులో రికార్డు చేసిన పాట పెడితే, నువ్వు బేస్ అందుకోగానే చప్పుడు మొదలవుతుంది. లాప్‌టాప్‌లో అంత కింది స్వరం పలకదు, మిగతావాళ్లే వినిపిస్తారు. నీ గొంతు నాకు మిగిలింది ఆ ఒక్క పాటలోనే. అందుకే ఆఫీసుకు సెలవు పెట్టి మెకానిక్ దగ్గరకు వెళ్లాను.

అతను ఏదో నొక్కాడు. చప్పుడు పోయింది. దానితోపాటు నీ గొంతూ పోయింది.

"బేస్ తగ్గించిన మేడం. ఇగ ఫికర్ లేదు."

"వద్దన్నా! మళ్లీ పెంచండి. డోరు విప్పి చూడండి, ప్లీజ్."

అంత గట్టిగా అరిచానని షెడ్డులో అందరూ తిరిగి చూశాకే తెలిసింది.

అతను డోరు లోపలి అట్ట విప్పాడు. "ఈ స్పీకర్ ఎవరు బిగించిన్రు? నాలుగు స్క్రూలకు మూడే ఉన్నయ్."

"మా నాన్న."

"జర తొందరెక్కువా ఆయనకు?"

ప్రాక్టీసుకు లేటవుతోందని నువ్వు గబగబా టూల్‌కిట్ మూసేసిన సాయంత్రం గుర్తొచ్చి, అవునన్నాను.

నాలుగోది బిగించి పాట పెట్టాడు. నువ్వు చివరిదాకా పాడావు. ఇంకోసారి పెట్టమన్నాను. ఆ తర్వాత ఇంకోసారి.

నువ్వు ఆసుపత్రిలో చేరడానికి వారం ముందు, ఫోన్‌లో జాగా లేదని నీ వాయిస్ మెసేజ్‌లన్నీ నేనే డిలీట్ చేశాను.