కొత్త డిస్కులో చప్పుడు

భాస్కర్ బావకి,

ఫోనులో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు మా స్టూడియో హార్డ్ డిస్క్, నువ్వు బాగుచేస్తావని, రాత్రి బస్సుకిచ్చి పంపుతున్నాను. కొని నాలుగు రోజులే అయింది. నిన్నటి నుంచి లోపల గోటితో రేకు మీద కొట్టినట్టు టిక్కు టిక్కుమంటోంది, ఫైళ్లు తెరుచుకోవడం లేదు. కొత్తవి అలాగే మోగుతాయన్నాడు అమ్మినవాడు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు.

అందులో అసిరమ్మ కొడుకు సోములు పెళ్లి వీడియో ఉంది. పోయిన నెల సముద్రం మీద చేపల వేటకెళ్లిన సోములు తిరిగి రాలేదు. ఇవాళ ఆమె స్టూడియోకి వచ్చి, "మావోడి గొంతు ఒక్కపాలి ఇనిపించు బాబూ" అంది. కరెంటు లేదన్నాను. తిరుగుతున్న ఫ్యాను వైపు చూసి, "రేపొస్తాను నాయినా" అని వెళ్లిపోయింది.

కొత్త డిస్కులోకి ఎక్కించాక పాత కాపీ నేనే చెరిపేశాను బావా. ఆమెకి చెప్పలేదు. డిస్కు బాగుపడకపోతే ఫోన్ చెయ్యకు, నువ్వే రా. ఆమె ముందు నేనొక్కడినే నిలబడలేను.

నీ బావమరిది