సిగ్నల్ నార్మల్

మార్చి 2. ఉదయం 7.10

అక్క ఫోన్. బావ టీవీ బాగుచేశాడట. పక్షవాతం వచ్చిన ఎనిమిది నెలలకి, ఎడమ చేత్తో. అదే పాత పోర్టబుల్ బ్లాక్ అండ్ వైట్ సెట్. పైన హ్యాండిల్, లాగితే పొడుగయ్యే యాంటెన్నా, అయిదంగుళాల తెర. ఆన్ చేస్తే తెరంతా చుక్కలట.

చుక్కలు కాక ఇంకేం వస్తాయి? గాల్లో ఉన్నదంతా ఇప్పుడు డిజిటల్. ఆ సెట్టుకి అర్థమయ్యే సిగ్నల్ ఆగి ఏళ్లయింది. నేను పనిచేసిన టీవీ రిలే స్టేషన్లో ఆఖరి రోజు స్విచ్ దించింది నేనే.

ఇది బావకీ తెలుసు. టీవీ మెకానిక్కి తెలియకపోవడమేం? కానీ సిగ్నల్ లేకుండా తను చేసిన రిపేరు కుదిరిందో లేదో ఎలా తేలుతుందని అక్క ప్రాణం తీస్తున్నాడట. రోజూ మూత విప్పడం, బిగించడం. చేతిలో పని మిగిలిందో పోయిందో తెలియక అన్నం కూడా సయించడం లేదట. ఆ సెట్లో ఒక్కసారి బొమ్మ రప్పించమంది. నేనొస్తున్నట్టు బావకి మాత్రం చెప్పదట.

మేమిద్దరం మాట్లాడుకుని పందొమ్మిదేళ్లు.

మార్చి 2. సాయంత్రం 6.00

రిటైరైనవాడికి డైరీలో టైమెందుకని మా ఆవిడ నవ్వింది. ముప్ఫై ఏళ్లు గంటగంటకీ లాగ్‌బుక్ రాసిన చెయ్యి. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. రాసే చెయ్యి మాత్రం ఊరుకుంటుందా?

మార్చి 4. ఉదయం 11.30

ఊరుకుంది. ఒకసారి ఊరుకుంది. అదీ రాసేస్తాను.

పందొమ్మిదేళ్ల కిందట, వానల్లో టీవీ తెరల మీద అడ్డంగా ఒక నల్ల పట్టీ కింద నుంచి పైకి పాకడం మొదలెట్టింది. కొత్త సెట్లలో లీలగా, పాత సెట్లలో కొట్టొచ్చినట్టు. పాతవన్నీ బావ చేతిలో పడ్డవే. ఇంకేముంది, మెకానిక్కే వాటిని పాడుచేశాడన్నారు. విప్పిన సెట్టే మూడేసిసార్లు విప్పాడు పాపం.

చివరికి ఈ పోర్టబుల్ సెట్టుని బ్యాటరీతో సహా మోసుకుని స్టేషన్ గేటు దగ్గరికి వచ్చాడు. కరెంటు మీద పట్టీ వస్తే ఫాల్ట్ సెట్లో ఉండొచ్చు. బ్యాటరీ మీద కూడా వస్తే ఫాల్ట్ పంపేవాడిదే. గేటు దగ్గరే నాకు చూపించాడు. పట్టీ పాకుతూనే ఉంది. ఫాల్ట్ స్టేషన్‌దని లాగ్‌బుక్‌లో ఒక్క లైను రాయమన్నాడు. అది తీసుకెళ్లి ఊళ్లో చూపించుకుంటానన్నాడు.

నాకు ముందే తెలుసు. స్టేషన్ పవర్ సప్లైలో కెపాసిటర్ ఎండిపోయింది, ఆ పట్టీ దానివల్లే. మార్చాల్సింది నేను, బద్ధకించిందీ నేను. రాస్తే మెమో వస్తుంది. ఆయన కళ్లముందే 'సిగ్నల్ నార్మల్' అని రాశాను.

ఆ ఆదివారం ఎవరూ చూడకుండా కెపాసిటర్ మార్చేశాను. పట్టీ పోయింది. గిరాకీ కోసం బావే ఫాల్ట్ పెట్టి, బావే తీశాడని ఊరంతా అన్నారు. ఏడాది తిరక్కుండా షాపు మూసేశాడు.

అక్కకి ఇందులో సగమే తెలుసు.

మార్చి 6. సాయంత్రం 5.15

స్టేషన్ స్క్రాప్‌లో కొనుక్కున్న, టెస్ట్ బొమ్మ తయారుచేసే ప్యాటర్న్ జనరేటర్, దాన్ని టీవీ సిగ్నల్‌గా మార్చే మాడ్యులేటర్ అటక మీంచి దించాను. మూరెడు యాంటెన్నా తగిలించాను. సిగ్నల్ పక్క గది దాకా పోతే చాలు. సినిమా వేద్దామనుకున్నాను గానీ, మెకానిక్కి సినిమా కంటే ప్యాటర్నే ముద్దు. గళ్లు, మధ్యలో వృత్తం. వాటికి కరెంటివ్వడానికి పాత అడాప్టర్ వెతికి పెట్టాను. చూసుకోవడానికి ఇంట్లో పాత సెట్ లేదు. మీటర్ పెట్టాను. నార్మల్.

మార్చి 7

మా ఆవిడ, కొంపదీసి రేపు వెళ్లడం మానేస్తావా అంది. మాననన్నాను.

మార్చి 8. మధ్యాహ్నం 3.40

ఇప్పుడే వచ్చాను.

10.20కి పెరటి గుమ్మంలోంచి వెళ్లాను. వెనక గదిలో అన్నీ సర్దుకుని 10.40కి ఆన్ చేశాను. ముందు గదిలో బావ నాబ్ తిప్పుతున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. బొమ్మొచ్చిందట, బావ తెరని చేత్తో తడుముతున్నాడట. నా గుండె తేలికపడింది.

అయిదు నిమిషాలకి మళ్లీ వచ్చింది. తెర మీద నల్ల పట్టీ పాకుతోందట. తన చెయ్యి ఇక దేనికీ పనికిరాదని బావ అంటున్నాడట. స్క్రూడ్రైవర్ తీశాడట.

నా అడాప్టర్. అటక మీద ఏళ్లతరబడి ఎండిన కెపాసిటర్. నా బుద్ధి తెల్లారినట్టే ఉంది. మీటర్ నార్మల్ అంటే చాలు, నాకింకేం అక్కర్లేదు.

స్విచ్ ఆపేసి, పెరట్లోంచే జారుకుంటే సరిపోయేది. పట్టీ పోతుంది, బొమ్మా పోతుంది, బావ తన చేతినే తిట్టుకుంటాడు. అంతకుముందు చేసిందీ అదే. ముందు గదిలో స్క్రూ ఒకటి కిందపడి దొర్లిన చప్పుడైంది. బయటికెళ్లి నా స్కూటర్ బ్యాటరీ విప్పుకుని ముందు గదిలోకి నడిచాను.

బావ తలెత్తి చూశాడు. బ్యాటరీ ఆయన ముందు పెట్టాను.

"దీని మీద పెట్టి చూడు బావా."

ఆయనకి అర్థమైంది. మా ఇద్దరికీ తప్ప ఆ మాట ఎవరికీ అర్థం కాదు. ఎడమ చేత్తోనే వైర్లు తగిలించాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. బొమ్మ వచ్చింది. పట్టీ పాకుతూనే ఉంది.

"ఫాల్ట్ ఎటువైపు?" మాట ముద్దగా వచ్చింది.

"నా వైపు."

"మరి అప్పుడు?"

"అప్పుడూ నా వైపే. తెలిసే రాయలేదు."

అక్క గోడకి చేరగిలబడిపోయింది. బావ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పక్షవాతం మాటల్ని ముట్టుకుంది గానీ తిట్ల జోలికి పోలేదు. అన్నీ పడ్డాను. పడాల్సినవే.

అలసిపోయాక, అడాప్టర్ పీకేసి ఆ బ్యాటరీని వెనక గదిలోని నా జనరేటర్‌కి పెట్టమన్నాడు. పెట్టాను. సెట్టుని కరెంటుకి తగిలించాడు. పట్టీ లేదు. గళ్లు నిటారుగా ఉన్నాయి. వృత్తం మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు, రెండుసార్లు. గుండ్రంగా ఉందన్నాడు. అక్కతో అన్నాడు, నాతో కాదు. అన్నం పెట్టమని కూడా అక్కతోనే అన్నాడు.

నేను లేవబోతే, రేపు డైరీ తెచ్చి, అప్పుడు రాయని ఆ లైను అందులో రాసి సంతకం పెట్టమన్నాడు. ఆ కాగితం పట్టుకుని, అందరికీ చూపిస్తూ వీధిలో కూర్చుంటాడట.

మార్చి 9. ఉదయం 9.00

పందొమ్మిదేళ్ల కిందటి ఆగస్టు 14, సాయంత్రం 7.00. తెర మీద నల్ల పట్టీ. ఫాల్ట్ స్టేషన్‌ది. సెట్లలో ఏమీ లేదు. మెకానిక్ చెప్పింది నిజం.

కింద రెండు సంతకాలు. వంకరగా ఉన్నది బావది. ఈ పేజీ చింపి ఇచ్చేస్తున్నాను.