జానీమియా జనాజా ఆగలేదు

సెప్టెంబర్ 19, 2011. సోమవారం

ఇవాళ్టి నుంచి బస్సులు కూడా లేవు. సకల జనుల సమ్మె మొదలై వారం కావస్తోంది. జనగామ బస్టాండులో మేకలు పడుకున్నాయి. ఫొటో పంపాను. మేకలు వద్దు, జనం కావాలన్నారు డెస్క్ వాళ్లు. జనం హైవే పక్కన శిబిరంలో ఉన్నారు. అక్కడికి వెళ్లాను.

జానీమియా పక్కన చోటు దొరికింది. రిటైర్డ్ హవల్దార్. డెబ్భై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దులో పనిచేశాడు. ఆర్మీ నుంచి వచ్చాక పట్టుకున్న పని ఒక్కటే. ఊళ్లో ఎవరు చనిపోయినా, మోసే దిక్కు లేనివాళ్లయితే తప్పకుండా, ఆయన వెళ్లి మోస్తాడు. మసీదు వెనక గదిలో ఒక కమిటీ ఉంది. ఇద్దరు ముగ్గురు మాజీ సైనికులు, టైలర్లు, ఆటోవాళ్లు. పోయినవాడు ముస్లిం అయితే కబ్రస్తాన్, హిందువైతే శ్మశానం. కర్మకాండలో మాత్రం వేలు పెట్టడు. ఇంటివాళ్లు లేకపోతే ఆ కులపెద్దలను పిలుచుకొస్తాడు. మోసేది మేము, మొక్కేది మీరు అంటాడు.

మధ్యాహ్నం నమాజుకు టెంటు మూలన తువ్వాల పరిచాడు. డప్పులు ఆగాయి. ఎవరూ చెప్పలేదు. రోజూ అంతేనట. లేవగానే కూరగాయల సాలమ్మ, ఏం మొక్కినవ్ మిలట్రీ, తెలంగాణ ఎప్పుడిస్తడట మీ దేవుడు అంది. నీ లొల్లికి ఆయనకు నా మాట ఇనబడ్తలేదే, జర నోరు మూసుకో అన్నాడు. టెంటంతా నవ్వింది. ఆమె నావైపు తిరిగి, నా మొగన్ని మోసినోడు సారూ, ఈయన్ని నేనెన్నన్న అంట అంది.

సెప్టెంబర్ 22

నిన్న పొద్దున శిబిరంలో ఆటో డ్రైవర్ పోశయ్య గుండెనొప్పితో పడిపోయాడు. దవాఖానలో చనిపోయాడు. హైదరాబాద్ నుంచి పెద్ద నాయకుడు వస్తున్నాడు, రేపటి దాకా ఉంచితే పెద్ద ఊరేగింపు అవుతుందని స్థానిక నాయకులు అన్నారు. అలా జరిగితే నాకూ మెయిన్ పేజీ వార్తే. పోశయ్య ఇంటివాళ్లు కాదనలేకపోయారు.

జానీమియా ఒప్పుకోలేదు. లీడరు రేపొస్తె ఇంటికొచ్చి పిల్లలను పలకరిస్తడు, పోశయ్యతోని ఆయనకేం ముచ్చట ఉన్నది అన్నాడు. మధ్యాహ్నానికల్లా పాడె లేచింది.

ఆ కమిటీకి రాతలో లేని రూల్ ఒకటి ఉందని టైలర్ పర్వేజ్ చెప్పాడు. ప్రాణం పోయాక మసీదులో వచ్చే మొదటి నమాజుకల్లా లేపాలి. ఏ మతమైనా అదే గడియారం. లేపాక ఆపొద్దు, చేరేదాకా దించొద్దు. హిందువులకు దింపుడు కల్లం ఒక్కటే మినహాయింపు. ఎవరి కోసమూ ఆగేది లేదు. ఎమ్మెల్యే కోసమా అని అడిగాను. ఎమ్మెల్యే తండ్రికే ఆపలే సార్ అన్నాడు. రెండు చోట్ల అడిగి చూశాను. నిజమే.

సెప్టెంబర్ 23

పెద్ద నాయకుడు ఇవాళ కూడా రాలేదు.

సెప్టెంబర్ 25

పాలకుర్తి దగ్గర వెంకట్రాం పొలానికి వెళ్లాను. జానీమియా రెజిమెంటే ఈయనది కూడా. కమిటీలో మొదటి మనిషి. రెడ్లింట్ల పుట్టి తురకోల్ల పాడె మోస్తవా అని సొంత అన్న ఏడాది మాట్లాడలేదట. తర్వాత ఆ అన్నను కూడా వీళ్లే మోశారు.

రూల్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. యుద్ధంలో తమవాళ్లు చనిపోయి పడి ఉన్నారు, కంటికి కనిపిస్తున్నారు. ఆర్డరొచ్చేదాకా ముట్టొద్దన్నరు, చూసుకుంట కూసున్నం అన్నాడు. ఇన్నేళ్లుగా ప్రతి డిసెంబరులో ఆ యుద్ధం గెలిచిన రోజుకు ఇంటర్వ్యూ అడుగుతున్నా జానీమియా నాకు ఈ మాత్రం కూడా చెప్పలేదు.

ఇంకొకటి చెప్పాడు. ఆరేళ్ల కింద జానీమియా భార్య పోయింది. కూతురు జమీలా ములుగు ఘన్‌పూర్‌లో ఉంటుంది. ఆమె బస్సు వరంగల్ దాటింది, గంటలో వస్తుందని తెలిసి కూడా ఆయన ఆపలేదు. జమీలా వచ్చేసరికి మట్టి కప్పేశారు. తల్లి ముఖం చూడలేకపోయింది. నా కోసం ఒక్క గంట ఎందుకు ఆగలేదు అని అడగలేదట. అబ్బా అని పిలిచే ఆ తండ్రికి ఫోన్ చేయడం మాత్రం తగ్గించింది.

సెప్టెంబర్ 29, ఉదయం 10 గంటలు

జానీమియా పోయాడు. చాయ్ తాగుతూ గోడకు ఒరిగాడు. ఎనిమిదిన్నర దాటింది అప్పటికి.

వచ్చే నమాజు మధ్యాహ్నం ఒకటిన్నరకు.

జమీలాకు ఫోన్ చేశారు. భర్త బండి మీద బయల్దేరింది. ములుగు, వరంగల్ మీదుగా నూరు కిలోమీటర్ల పైమాట. దారి పొడవునా రాస్తారోకోలు. మామూలు రోజయితే అందేది. ఇవాళ అందదు.

మసీదు దగ్గర పెద్దలు గొడవ పడుతున్నారు. ఒక ముసలాయన సాయంత్రం నమాజుకు లేపుదాం అంటున్నాడు. జానీమియా చాచా బతికున్నప్పుడు ఆయన ముందట ఈ మాట అంటుంటివా అని పర్వేజ్ అడిగాడు. పర్వేజ్ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు కమిటీ అతనిదే. రూల్ తప్పితే జానీమియా పోయిన రోజే తప్పినట్టు. తప్పకపోతే జమీలాకు రెండోసారి.

వెంకట్రాం బండి మీద వచ్చాడు. లోపలికి వెళ్లి దోస్తు ముఖం చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా శిబిరం వైపు వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 29, సాయంత్రం 6

చూసింది చూసినట్టు రాస్తాను.

జనాజా నమాజు అయింది. రెండు కొట్టకముందే లేపారు. పర్వేజ్ ముందు వైపు పట్టాడు. మసీదు నుంచి హైవే దాటి కబ్రస్తాన్‌కు కిలోమీటరు కూడా ఉండదు. పావుగంట నడక.

ముస్లింలలో జనాజాకు, అంటే పాడెకు, భుజం ఇవ్వడాన్ని కాంధా అంటారు. నాలుగడుగులు మోసి పక్కవాడికి ఇస్తారు. అది పుణ్యం. దారినపోయేవాడు కూడా ఇవ్వొచ్చు. ఇవాళ దారినపోయేవాళ్లు లేరు. ఊరంతా సమ్మెలో ఉంది. ఊరంతా వచ్చింది. శిబిరం వాళ్లు, టీచర్లు, డప్పులు పక్కన పెట్టిన పిలగాళ్లు, కల్లు గీసేవాళ్లు, పోశయ్య తమ్ముడు. అందరికీ కాంధా కావాలి. ఒకడు పట్టుకుంటే విడవడు. వెనకవాడు నాకియ్యవా అంటాడు. సందు మలుపు దగ్గర జనాజా జనం నెత్తుల మీద పడవలా ఊగింది. ఆగలేదు. కానీ ముందుకు కదులుతున్నట్టు కూడా కనిపించలేదు. జర నడువున్రి అని పర్వేజ్ అరిచాడు. నడుస్తనే ఉన్నం కదనే అన్నారు.

సందు దాటడానికే అరగంట పట్టింది.

హైవే మీద ఆడవాళ్లు రాస్తారోకో బతుకమ్మ ఆడుతున్నారు. జనాజాను చూసి పాట ఆపారు. బతుకమ్మలను ఎత్తుకొని రోడ్డు అంచుకు జరిగారు. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వరంగల్ వైపు నుంచి బండి వచ్చింది. ఎవరో పిలగాడు నడుపుతున్నాడు. వెనక జమీలా. బండి ఆగకముందే దిగింది. చెప్పు ఒకటి రోడ్డు మీదే పడిపోయింది. జనం చీలి దారి ఇచ్చారు.

పర్వేజ్ ఆమెను చూశాడు. అతని ముఖం నాకు కనిపించింది. ఆపా, దించమంటవా అక్కా అని అడిగాడు. రూల్ పట్టుకొని పొద్దుటి నుంచి పెద్దలతో కొట్లాడిన మనిషి.

జమీలా ఆయాసపడుతోంది. వద్దు అంది. అబ్బా ఎవ్వరికీ దించలే.

ఆ మాట అని భుజం పెట్టింది.

ఆడపిల్ల కాంధా ఇచ్చుడేందిర అని ముసలాయన వెనక నుంచి అన్నాడు. అడుగు ఆగలేదు కద చాచా, నడువు అన్నాడు పర్వేజ్. ఆమె పొట్టి మనిషి. జనాజా ఆమె వైపు ఒరిగింది. పక్కన ఉన్న వెంకట్రాం మోకాళ్లు వంచాడు. అది చూసి పర్వేజ్ వంచాడు. వెనకవాళ్లు వంచారు. ఆమె ఎత్తుకు అందరూ దిగి, వంగే నడిచారు. హైవే దాటి కబ్రస్తాన్ గేటు దాకా జనాజా అలాగే వెళ్లింది. ఒక్కరు కూడా నాకియ్యవా అని అడగలేదు. గేటు దగ్గర జమీలా ఆగిపోయి, భుజం తానే తప్పించుకుంది. మగవాళ్లు లోపలికి వెళ్లారు.

ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఫొటో తీయడం మర్చిపోవడం ఇదే మొదలు.

సెప్టెంబర్ 30

పొద్దున్నే మా కంట్రిబ్యూటర్లకు ఫోన్లు చేశాను. జమీలా ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

ములుగు దగ్గర భర్త బండి పాడైంది. అక్కడి పికెటింగ్ పిలగాళ్లలో ఒకడు తన బండి మీద ఎక్కించుకున్నాడు. బయటి బండిని తర్వాతి శిబిరం వాళ్లు ఆపుతారు. అందుకని ప్రతి శిబిరం దగ్గరా అక్కడి పిలగాడే ఎక్కించుకొని ముందు శిబిరంలో అప్పగించాడు. తండ్రి మయ్యత్, చావుకు పోతున్నా అంటే చాలు. ఎవరి తండ్రి అని ఎక్కడా అడగలేదు. జానీమియా వాళ్లెవరికీ తెలియదు. నాలుగు ఊళ్లతో మాట్లాడాను. చెప్పింది ఒక్కచోట కూడా తేడా రాలేదు.

సాయంత్రం వెంకట్రాంను నిలదీశాను. నిన్న శిబిరానికి ఎందుకు వెళ్లావన్నాను. అందరు వచ్చి కాంధా ఇయ్యున్రి, ఒక్కరు తక్కువ కావద్దు అని చెప్పొచ్చాడట. రూల్ తప్పించావు కదా అన్నాను. నవ్వాడు. ఆపొద్దని ఉన్నది సారూ, ఉరకాలని ఉన్నదా అన్నాడు. తర్వాత చాలాసేపు తువ్వాల ముఖం మీద నుంచి తీయలేదు.

వార్త పంపాను. డెస్క్ వాళ్లు మానవతామూర్తి అని హెడ్డింగ్ పెట్టారు. ఆ మాట నేను రాయలేదు. ఏం పెట్టాలో నాకూ తోచలేదు.

అక్టోబర్ 2

జమీలా ఘన్‌పూర్ వెళ్లిపోయింది. బండి ఎక్కేముందు, ఆఖరిసారి ముఖం చూడలేదని బాధ లేదా అని అడిగాను.

మొఖం నాకెర్కనే కద సార్ అంది. అబ్బా ఎంత బరువుంటడో ఎర్క లేకుండె.