ఇస్త్రీ చేసిన కరపత్రం

శుక్రవారం, రాబర్ట్‌సన్‌పేట

పాత కాగితాల యాపారంలో ఈ జిల్లాలో నన్ను మించినోడు లేడు. అయినా ఈపొద్దు తప్పు చేసినాను. బంగారు గనివాళ్ళ పాత సమ్మె కరపత్రం, అదీ అరుదుగా దొరికే తెలుగుది, ముడతలు పడిండాదని గుడ్డ కప్పి ఇస్త్రీ చేసినాను.

సాయంత్రం మునెప్ప మామ చూసినాడు. ముప్పై ఏండ్లు గనిలోకి దిగినోడు.

"ఇది లోపలికి పోయిన కాగితం కాదప్పా. గేటులో వెతుకుతారని నాలుగు మడతలేసి టోపీలో దాచుకొని దిగుతా ఉంటిమి. దీనికి మడతే లేదే!"

గనిలోకి పోయిందే అని దీన్ని కొనే బెంగళూరాయనకు మాటిచ్చిండాను. రేపే వస్తాడు.

ఇప్పుడు మెల్లగా వంచి చూసినాను. నేను మడత గీత వెతకనే లేదు. కాగితమే పాత మడతల్లోకి పోయి పడుకుంది.

ఇంగ భయమేల? రేపు మడిచే ఇస్తాను. విప్పుకునేది ఆయన పని.